రోజు విడిచి రోజు
హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పేరు వినగానే హదీసు విద్యార్థులకు ‘సహీఫయె సాదిఖా’ గుర్తుకొస్తుంది. దైవప్రవక్త (సఅసం) నోట విన్న విషయాలను ఆయన అనుమతితోనే ఎప్పటికప్పుడు రాసిపెట్టుకున్న సంపుటమది. తన వద్ద కంటే అబ్దుల్లాహ్ వద్దే ఎక్కువ హదీసులున్నాయని, తాను రాసుకోలేదని, ఆయన రాసుకునేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) అంతటివారే ఒప్పుకున్నారు. అయితే ఇల్లూ సంసారం ఉన్న మనలాంటి వారికి ఆయన జీవితంలోని మరో ఘట్టం ఇంకా దగ్గరగా అనిపిస్తుంది.

ఆయన తండ్రి, తరువాతి కాలంలో ఈజిప్టును జయించిన సేనాని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి). తండ్రి హిజ్రీ 8 (క్రీ.శ. 629)లో ఇస్లాం స్వీకరించారు. కొడుకు అంతకు ముందే స్వీకరించారు. యువకుడైన అబ్దుల్లాహ్‌కు ఆరాధన మీద ఎంత మక్కువంటే, ప్రతి రోజూ ఉపవాసమే, ప్రతి రాత్రీ పూర్తి ఖుర్ఆన్ పారాయణమే. ఖురైషు వంశపు అమ్మాయితో ఆయనకు నికాహ్ జరిగింది. మామగారు వచ్చి కోడలిని భర్త గురించి అడిగేవారు. ఆయన చాలా మంచివారేనని, కాకపోతే తాను కాపురానికి వచ్చినప్పటి నుంచి తన పడక దరికి రాలేదని ఆమె చెప్పింది. ఎంత మర్యాదగా చెప్పినా అది ఫిర్యాదే కదా! కొన్నాళ్ళు చూసి అమ్ర్ (రజి) ఆ సంగతి ప్రవక్త (సఅసం)కు విన్నవించారు.

శరీరానికి, కళ్ళకు, భార్యకు, ఇంటికి వచ్చే అతిథికి కూడా హక్కులున్నాయని ప్రవక్త (సఅసం) ఆ యువకునికి బోధించారు. నెలకు మూడు ఉపవాసాలు చాలన్నారు. ఒక్కో సత్కార్యానికి పదింతల పుణ్యం గనుక అవి నెలంతా ఉపవాసాలతో సమానమన్నారు. ఖుర్ఆన్‌ను నెలకొకసారి పూర్తి చేయమన్నారు. తనకు ఇంకా శక్తి ఉందన్నారు అబ్దుల్లాహ్. ప్రవక్త (సఅసం) ఒక మెట్టు పెంచారు. ఇంకా ఉందన్నారాయన. మరో మెట్టు పెంచారు. మనమైతే తగ్గించమని బేరమాడతాం, ఆయన పెంచమని ఆడారు! చివరకు ఉపవాసాలు హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) పద్ధతిలో రోజు విడిచి రోజు, పారాయణం ఏడు రోజులకొకసారి అని నిర్ణయమైంది. మూడు రోజులకొకసారి అన్న ఉల్లేఖనం కూడా ఉంది. ఆయుష్షు ఎక్కువగా ఉండవచ్చు, అదీ ఆలోచించుకోమని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. రాత్రి నమాజు అలవాటు చేసుకుని తరువాత మానేసిన ఒక వ్యక్తిలా కావద్దని మరో సందర్భంలో చెప్పారు.

హిజ్రీ 11 (క్రీ.శ. 632)లో ప్రవక్త (సఅసం) పరమపదించారు. ఆ తరువాత అబ్దుల్లాహ్ (రజి) యాభై ఏళ్ళకు పైగా జీవించారు. యువకుడిగా పట్టుబట్టి అడిగి తెచ్చుకున్న బరువును వృద్ధుడై మోయవలసి వచ్చింది. ఆనాడు ప్రవక్త (సఅసం) ఇచ్చిన సడలింపును అంగీకరించి ఉంటే ఎంత బాగుండేదని ఆయన వాపోయేవారు. అయినా వదిలిపెట్టలేదు. ప్రవక్త (సఅసం) తనను ఏ స్థితిలో విడిచి వెళ్ళారో దాని నుంచి ఒక్కటి తగ్గినా ఆయనకు ఇష్టం లేదు.

అందుకని ఓపిక లేనప్పుడు కొన్నాళ్ళు వరుసగా ఉపవాసం మానేసి, ఒంట్లో సత్తువ కూడగట్టుకునేవారు. మానేసిన రోజులను లెక్కపెట్టుకుని, మళ్ళీ అన్ని రోజులూ వరుసగా ఉపవాసం ఉండేవారు. పారాయణం సంగతికొస్తే, రాత్రి నమాజులో చదవవలసిన ఏడవ భాగాన్ని పగలే ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకసారి వినిపించేవారు, రాత్రికి కాస్త తేలికగా ఉంటుందని.