డాక్టరు ఇయన్ డోనాల్డుగారు

స్కానింగునకు పొమ్మని డాక్టరమ్మ చెప్పగానే మన గ్రామములలోని సహోదరీలు కొందరు భయపడుదురు. కడుపులోని బిడ్డకు హాని కలుగునేమో అని తలంతురు. ఆ పరీక్షలో కోతయు లేదు, ఎక్స్‌రే కిరణములును లేవు. ఉన్నది ధ్వని మాత్రమే. దానిని స్త్రీల వైద్యములోనికి తెచ్చిన భక్తిగల వైద్యుని చరిత్ర తెలిసికొనుట మేలని మాకు తోచినది.

ఇయన్ డోనాల్డుగారు 1910 డిసెంబరు 27న ఇంగ్లాండునందలి కార్న్‌వాల్‌లో జన్మించిరి. తరువాత ఆ కుటుంబము దక్షిణ ఆఫ్రికాకు వెళ్లెను. అక్కడ 1927లో తల్లి కంఠసర్పి వ్యాధిచేత చనిపోగా, కొద్ది మాసములకే తండ్రియు చనిపోయెను. అయినను ఇయన్‌గారు లండనుకు తిరిగివచ్చి 1937లో వైద్యవిద్య ముగించిరి. రెండవ ప్రపంచయుద్ధములో విమానదళ వైద్యులై, బాంబులతో కూలి మండుచున్న విమానములో చొరబడి లోనివారిని బయటికి లాగిరి.

1954లో వారు స్కాట్లాండునందలి గ్లాస్గోలో ప్రసూతి వైద్య ఆచార్యులైరి. ఆ కాలమున స్త్రీ కడుపులో గడ్డ యున్నయెడల వైద్యుడు చేతితో తడిమి ఊహింపవలెను, లేదా కోసి చూడవలెను. సంతలో మన తల్లులు కుండను వ్రేలితో కొట్టి, ధ్వని విని, బీట యున్నదో లేదో చెప్పుదురు గదా. ఆ ప్రాంతమందలి రెన్‌ఫ్రూలో బాయిలర్లు చేయు కర్మాగారమువారును చెవికి వినబడని ధ్వనిని ఇనుములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి బీటలు కనుగొనుచుండిరి. 1955 జూలై 21న డోనాల్డుగారు శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను కార్లలో అక్కడికి కొనిపోయి పరీక్షించిరి. నీటిగడ్డ ఒక విధముగాను, గట్టిగడ్డ మరియొక విధముగాను ప్రతిధ్వని నిచ్చెను.

టామ్ బ్రౌన్ అను యౌవన ఇంజనీరును, జాన్ మాక్‌వికార్ అను వైద్యుడును వారికి తోడైరి. అప్పుడు ఒక స్త్రీ వచ్చెను. ఆమెది కడుపు క్యాన్సరనియు, ఇక చికిత్స లేదనియు ఇతర వైద్యులు తేల్చియుండిరి. యంత్రము పెట్టి చూడగా అది అండాశయమునందలి పెద్ద నీటిగడ్డయని కనబడెను. దానిని తీసివేయగా ఆమె బ్రదికెను! 1958లో లాన్సెట్ పత్రిక వారి పరిశోధనను ప్రచురించెను.

మూత్రాశయము నిండియున్నయెడల తొలి వారములలోనే గర్భము కనబడునని 1963లో తెలిసికొనిరి. కడుపుమీద చేయు స్కానింగునకు ముందు నీళ్లు త్రాగుమని నేటికిని చెప్పుట అందువలననే.

బిడ్డలు లేని స్త్రీని గొడ్రాలనుటకు మన నాలుకలు ఎంత త్వరపడును! హన్నాను ఏడిపించినవారు ప్రతి ఊరిలోను ఉన్నారు. నేడు వైద్యులు ధ్వనితోనే గర్భసంచిలోని గడ్డలను చూచుచున్నారు. అండపు తిత్తి పెరుగుటను దినదినము కొలిచి, అది సుమారు 20 మిల్లీమీటర్లు కాగా తగిన సమయము చెప్పుచున్నారు. అయితే భర్తలోని లోపము భార్య స్కానింగులో కనబడదు. కావున భర్తయు తన పరీక్షకు వెళ్లవలెను.

డోనాల్డుగారు నలుగురు కుమార్తెల తండ్రి. వారు తెచ్చిన ఆ యంత్రముతోనే మన దేశమున ఆడుబిడ్డలను గర్భములోనే వెదకి చంపిరి గనుక, లింగము చెప్పుటను నిషేధించుచు 1994లో చట్టము చేయవలసివచ్చెను. ఇది మన సిగ్గు, యంత్రముది కాదు.

వారి గుండెకే మూడుసార్లు పెద్ద శస్త్రచికిత్స జరిగెను. అయినను 1976 వరకు ఆచార్య పదవిలో నుండి, 1987 జూన్ 19న మరణించిరి.