జలశిల్పి అలీ నవాజ్ జంగ్

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. గట్టు ఈ నేలలోని ఊరే. రెండు మహానదుల మధ్య ఉండి కూడా ఇక్కడి మెట్టచేలు తరతరాలుగా వానమబ్బులకే ఎదురుచూశాయి. నది పక్కన పారినంత మాత్రాన పొలం తడవదు. నీటిని కొలిచి, నిలిపి, పంచే విద్య కావాలి. హైదరాబాదు రాజ్యంలో ఆ విద్యకు పెద్దదిక్కుగా నిలిచినవాడు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించాడు. నిజాం కళాశాలలో చదివి, ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1896లో ఇంగ్లండు వెళ్ళి కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించాడు. 1899లో స్వదేశానికి వచ్చి ప్రజాపనుల శాఖలో ఉద్యోగిగా చేరాడు.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. నదికి ఎగువన జలాశయాలు నిర్మించాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించాడు. ముంచెత్తిన నీటినే దాచి నగరానికి తాగునీరుగా ఇవ్వడం ఆ ఆలోచనలోని విశేషం. 1918లో ముఖ్య ఇంజనీరైన అలీ నవాజ్ జంగ్ హయాంలోనే ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927 నాటికి పూర్తయింది.

ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది నిజాం సాగర్. మంజీరా నదిపై 1923లో మొదలైన ఆనకట్ట 1931లో పూర్తయింది. 2,75,000 ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. కాలువ వెంట వరి, చెరకు విస్తరించాయి. బోధనులో చక్కెర కర్మాగారం వెలసింది. అయితే ఈ సిరి ఊరకే రాలేదు. దాదాపు 40 గ్రామాలు నీట మునిగాయి. ఆయకట్టును లెక్కించినంత శ్రద్ధగా, ఊరు విడిచిన వారి కష్టాన్ని ఆనాటి లెక్కలు గుర్తించలేదనే చెప్పాలి. పరీవాహక ప్రాంతపు నేల కోతకు గురై పూడిక చేరడంతో, సుమారు 30 టీఎంసీల నీటిని పట్టవలసిన జలాశయం కొన్ని దశాబ్దాలలోనే సగానికి పైగా సామర్థ్యాన్ని కోల్పోయింది. 1970లలో ఆనకట్ట ఎత్తు పెంచవలసి వచ్చింది.

1937లో పదవీ విరమణ చేసినా ఆయనకు విశ్రాంతి లేదు. నెహ్రూ అధ్యక్షుడుగా ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి ఆయన సారథ్యం వహించాడు. తుంగభద్ర నీటి పంపకంపై మద్రాసుతో ఏళ్ళ తరబడి సాగిన చర్చలలో హైదరాబాదు పక్షాన నిలిచాడు. 1944లో ఒప్పందం కుదిరింది. చెరి 65 టీఎంసీలు వాడుకోవాలని ఉభయులూ అంగీకరించారు.

1949 డిసెంబరు 6న ఆయన మరణించేనాటికి తుంగభద్ర ఆనకట్ట ఇంకా నిర్మాణంలోనే ఉంది. నడిగడ్డకు నీరు తేవలసిన రాజోలిబండ మళ్ళింపు పథకం 1958లో పూర్తయింది. రాష్ట్రాల పునర్విభజనతో అప్పటికే దాని ఆనకట్ట కర్ణాటక వైపు, ఆయకట్టులో అధికభాగం ఇటువైపు మిగిలాయి. 87,500 ఎకరాలకని తవ్విన ఆ కాలువ చివరి పొలాల రైతులు తమ వాటా నీటి కోసం ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు పోరాడవలసి వచ్చింది.