ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిన రాజాజ్ఞ
కొల్హాపూర్ పాలకుడు ఛత్రపతి శాహూ మహరాజ్ జీవితం

1919 జనవరి. అంతకు కొద్ది నెలల ముందే ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి భారతదేశంలో కోటి మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ నెలలో దక్షిణ మహారాష్ట్రలోని కొల్హాపూర్ సంస్థానం తన అధికారులకు కొన్ని ఉత్తర్వులు పంపింది. ఆసుపత్రికి వచ్చిన రోగి అంటరానివాడిగా ముద్రపడిన కులంలో పుట్టినవాడైనా సరే, అతనిని మర్యాదగా లోపలికి పిలిచి, తక్కిన రోగులకు చేసినట్లే వైద్యం చేయాలన్నది వాటిలోని ఒక ఆదేశం. దీనికి మనసొప్పని ఉద్యోగి ఆరు వారాలలోగా రాజీనామా సమర్పించవచ్చు. అయితే అతనికి పింఛను రాదు.

ఈ ఉత్తర్వుల వెనుక ఉన్న పాలకుడు ఛత్రపతి శాహూ మహరాజ్. ఆయన జయంతి అయిన జూన్ 26ను మహారాష్ట్ర ప్రభుత్వం సామాజిక న్యాయ దినోత్సవంగా జరుపుతున్నది. దయగల రాజుగా ఆయనను స్మరించుకునేవారు ఎందరో ఉన్నారు. కానీ దయను పాలనా నియమంగా మార్చడమే ఆయన చేసిన అసలైన పని.

1874 జూన్ 26న కాగల్ జాగీరును ఏలే ఘాట్గే వంశంలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యశ్వంతరావు. కొల్హాపూర్ రాజు నాలుగవ శివాజీ సంతానం లేకుండా మరణించగా, రాణి ఆనందీబాయి 1884 మార్చిలో ఈ బాలుడిని దత్తత తీసుకున్నారు. రాజ్‌కోట్‌లోని రాజకుమార్ కళాశాలలోనూ, తరువాత ధార్వాడలోనూ ఆయన విద్యాభ్యాసం సాగింది. 1894 ఏప్రిల్ 2న, ఇరవై ఏళ్లు నిండకముందే, రాజ్యభారం స్వీకరించారు.

ఆ నాటికి సంస్థానంలోని 71 ఉన్నత పదవులలో 60 బ్రాహ్మణుల చేతిలో ఉండేవి. గుమాస్తా ఉద్యోగాలలోనూ దాదాపు ఇదే పరిస్థితి. జనాభాలో అత్యధికులైన రైతులు, చేతివృత్తులవారు, ఊరి చివర నివసించే మహార్, మాంగ్ కులాలవారు కచేరీలో అర్జీదారులుగా నిలబడడమే తప్ప అధికారులుగా కూర్చోవడం దాదాపు లేదు.

పాలన చేపట్టిన రెండు మూడేళ్లకే పరీక్ష ఎదురైంది. ముందు 1896-97 కరవు, దాని వెంటనే ప్లేగు. 1896లో బొంబాయిలో బయటపడిన వ్యాధి దక్కను అంతటా పాకింది. పుణేలో సైనికులు ఇళ్లలోకి చొరబడి చేసిన సోదాలు ప్రజాగ్రహాన్ని రగిలించాయి. ప్లేగు కమిషనర్ రాండ్ 1897 జూన్ 22న కాల్పులకు గురై, కొద్ది రోజులకు మరణించారు. బలప్రయోగంతో ప్రజారోగ్యాన్ని కాపాడలేమని ఆ ఉదంతం దేశానికంతటికీ తెలియజేసింది.

కొల్హాపూర్‌లో యువ పాలకుడు కరవు వేళ చౌక ధరల ధాన్యపు దుకాణాలు తెరిపించారు, కూలి పనులు కల్పించారు. ప్లేగు వచ్చినప్పుడు ఊళ్లు ఖాళీ చేయించి, పొలాలలో పాకలు వేయించి జనాన్ని అక్కడికి తరలించారు. ఇళ్లను శుద్ధి చేయించారు. కొత్తగా వచ్చిన టీకాను ప్రోత్సహించారు. ఇల్లు విడిచి వెళ్లడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. సూది మందు అంటే భయం ఇంకా ఎక్కువ. ప్లేగు కులం చూసి రాదు. కానీ చికిత్స, నీరు, సాయం అందించే చేతులు కులం చూస్తే ఏ ఆరోగ్య చర్యా చివరి ఇంటిదాకా చేరదు. ఆయన తరువాతి సంస్కరణలను ఈ నేపథ్యంలో చూస్తే వాటి అవసరం మరింత స్పష్టమవుతుంది.

ఆ సంవత్సరాలలోనే ఆయన స్వయంగా అవమానాన్ని చవిచూశారు. 1899లో పంచగంగా నదీ స్నాన వేళ రాజపురోహితుడు వేదమంత్రాలకు బదులు పురాణ మంత్రాలు పఠించాడు. మహరాజు క్షత్రియుడు కాడని, ఆయనకు వేదోక్త కర్మలు తగవని అతని వాదన. సింహాసనంపై ఉన్నవాడికే ఈ గతి అయితే ఊరి చివర ఉన్నవాడి మాటేమిటి? వివాదం ఏళ్ల తరబడి సాగింది. పుణే పండితులు, పత్రికలు ఆయనను తీవ్రంగా విమర్శించాయి.

ఆయన సమాధానం 1902 జూలై 26న వెలువడింది. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం నిమిత్తం ఇంగ్లండులో ఉండగానే, సంస్థానంలో ఖాళీ అయ్యే ఉద్యోగాలలో సగం వెనుకబడిన వర్గాలకు కేటాయించాలన్న ఉత్తర్వు వెలువడింది. చరిత్రకారులు దేశంలోని తొలి రిజర్వేషన్లలో ఒకటిగా దీనిని పేర్కొంటారు. అందులో అంతగా ప్రచారం పొందని అంశం మరొకటి ఉంది. ప్రతి శాఖాధిపతీ తాను చేసిన నియామకాల పట్టికను మూడు నెలలకోసారి ప్రభుత్వానికి పంపాలి. నియమం చేయడంతో పని ముగియదనీ, దాన్ని లెక్క చూసుకుంటూ ఉండాలనీ ఆయన గ్రహించారు. 1912 నాటికి 95 ఉన్నత పదవులలో బ్రాహ్మణేతరులే అధికులయ్యారు.

ఉద్యోగానికి చదువు కావాలి. అందుకే 1901 నుంచి మరాఠా, జైన, ముస్లిం, లింగాయత విద్యార్థులకూ, దళిత విద్యార్థులకూ వసతి గృహాలు ఏర్పడ్డాయి. 1917లో ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేశారు. 1918లో మహార్లను తరతరాల ఊడిగానికి కట్టిపడేసిన వతన్ పద్ధతిని రద్దు చేశారు. 1919లో బావులు, సత్రాలు, బడులు, ప్రభుత్వ భవనాలు అందరికీ తెరవాలని ఆదేశించారు. అంటరానివారికి ప్రత్యేకంగా ఉన్న పాఠశాలలను మూసివేయించి, వారి పిల్లలను సాధారణ బడులలో చేర్పించారు.

ఉత్తర్వుతో మనసులు మారవని కూడా ఆయనకు తెలుసు. రాజవారి అశ్వశాలలో పనిచేసే గంగారాం కాంబ్లే నీటి తొట్టిని తాకినందుకు దెబ్బలు తిన్నాడు. మహరాజు అతనికి సాయం చేసి టీ దుకాణం పెట్టించారు. తానే స్వయంగా వెళ్లి అక్కడ టీ తాగేవారని, వెంట ఉన్న పరివారం చేత కూడా తాగించేవారని కొల్హాపూర్ ప్రజలు నేటికీ చెప్పుకుంటారు.

ఆయన జీవితంలో విమర్శకు చోటు లేకపోలేదు. బ్రిటిష్ ప్రభుత్వంతో సన్నిహితంగా మెలిగారని, మొదటి ప్రపంచ యుద్ధంలో వారికి సైనికులను సమకూర్చారని జాతీయవాదులు తప్పుపట్టారు. అయినా ఆయన దారి వృథా కాలేదు. 1918లో మైసూరు సంస్థానం ప్రాతినిధ్య ప్రశ్నపై మిల్లర్ కమిటీని నియమించింది. 1921లో మద్రాసు రాష్ట్రంలో, తెలుగువారైన పానగల్ రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం కమ్యూనల్ జీవో జారీ చేసింది. ఒక్కో చోట ఒక్కో కారణంగా మొదలైనా, పాలనలో అందరికీ భాగం ఉండాలన్న ఆలోచన దక్షిణాదిన వేళ్లూనుకున్నది.

1920 జనవరిలో యువకుడైన భీంరావు అంబేడ్కర్ ప్రారంభించిన మూక్‌నాయక్ పత్రికకు మహరాజు రూ.2,500 విరాళం ఇచ్చారు. అదే ఏడాది మార్చిలో మాణగావ్ సభలో, అణగారిన ప్రజలకు తమ నాయకుడు తమలోనే దొరికాడని ఆయన ప్రకటించారు. ప్రజలను నడిపించే బాధ్యత ఇక రాజులది కాదని ఒక రాజే ఒప్పుకున్న సందర్భమది.

1922 మే 6న బొంబాయిలో, 48 ఏళ్లు నిండకముందే, శాహూ మహరాజ్ కన్నుమూశారు. సంస్థానాలు పోయాయి, ఆయన ఆదేశించిన సమానత్వం రాజ్యాంగంలో హక్కుగా నిలిచింది. అయినా ఆరోగ్య సంక్షోభం వచ్చిన ప్రతిసారీ పాత ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. ఆసుపత్రి గుమ్మం అందరికీ ఒకేలా తెరుచుకుంటున్నదా? మూడు నెలలకోసారి లెక్క చూసుకోమని ఆయన శాఖాధిపతులకు పెట్టిన నియమం ఆ ప్రశ్నను మరచిపోకుండా ఉండేందుకు నేటికీ పనికొచ్చే మార్గమే.