వ్రాతకు శిక్షపడిన సంపాదకుడు గాడిచర్ల

ఆంధ్రదేశంలో పత్రికలో వ్రాసిన వ్రాతకు జైలుకెళ్ళిన తొలితరం సంపాదకులలో ముందుగా స్మరించదగినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. వారు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించారు. మద్రాసులో ఎం.ఏ. పూర్తిచేసి, రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో చేరారు. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన సందర్భంగా వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు కాలేజీ నుండి తొలగించి, సర్కారు కొలువుకు అనర్హులన్నారు. ఆ రోజుల్లో ఎం.ఏ. చదివినవారికి అది ఎంత నష్టమో మన పింఛనుదారులకు వేరే చెప్పనక్కరలేదు.

అయినా వారు వెనుదీయలేదు. బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపారు. 1908లో తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ వ్రాసినందుకు 124-ఎ సెక్షన్ క్రింద రాజద్రోహం కేసు పెట్టారు. జిల్లా కోర్టు విధించిన శిక్షను హైకోర్టు మూడేళ్ళకు పెంచింది. వేలూరు జైలులో కఠిన శిక్ష అనుభవించారు.

ఇంతలో 1910 ప్రెస్ చట్టం వచ్చింది. దానితో పత్రికలవారు ముందే ధరావతు కట్టవలసివచ్చేది. ప్రభుత్వానికి నచ్చని వ్రాత పడితే ఆ సొమ్ము జప్తయ్యేది. 1922లో ఆ చట్టం రద్దయింది.

విడుదలయ్యాక గాడిచర్లవారు ఆంధ్రపత్రికలో పనిచేశారు. గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ జీవితం ధారపోశారు. 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు. కొలువు పోయినా కలం దించని ఆ మహనీయుని చరిత్ర మన మనుమలకు చెప్పదగినది.