జగదీశ చంద్ర బోసు

జగదీశ చంద్ర బోసు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించెను. తండ్రి భగవాన్ చంద్రుడు ప్రభుత్వోద్యోగి. ఆయన కుమారుని మొదట మాతృభాషలో బోధించు పాఠశాలకే పంపెను. అచట బెస్తవాని కుమారుని ప్రక్కన కూర్చుండి బాలుడు పక్షుల కథలను, జలచరముల కథలను ఆసక్తితో వినెడివాడు.

ఇంగ్లండులో చదువు ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన ఉపాధ్యాయుడయ్యెను. భారతీయులకు తెల్లవారికంటె తక్కువ జీతమిచ్చుట అన్యాయమని తలచి, మూడేండ్లు జీతము ముట్టకయే పాఠములు చెప్పెను. తుదకు అధికారులు పూర్తి జీతమును బకాయితో చెల్లించిరి.

పిమ్మట ఆయన దృష్టి మొక్కలపై నిలిచెను. నేడు బంగ్లాదేశములోనున్న ఫరీద్‌పూర్‌లో వాలి పెరిగిన ఈతచెట్టొకటి ఉండెను. ఆలయమున సాయంకాలపు గంటలు మ్రోగు వేళ అది తలవంచి మ్రొక్కుచున్నట్లుండి, ఉదయమునకు లేచి నిలుచుచుండెను. జనులు దానిని మహిమగల వృక్షమని కొలుచుచుండిరి. బోసు వారిని పరిహసింపలేదు. విన్నదానిని అట్లే నమ్మనులేదు. చెట్టు కదలికను గీతగా వ్రాయు యంత్రమును దానికి అమర్పదలచెను. పరాయి వస్తువు తాకిన మహిమ నశించునని యజమాని మొదట అంగీకరింపలేదు. యంత్రము ఈ దేశముననే తయారైనదనియు, దానిని అమర్చువాడు పూజారి కుమారుడనియు తెలిసిన పిదప సమ్మతించెను.

యంత్రము రేయింబవళ్లు గీచిన గీతను వేడిమి హెచ్చుతగ్గులతో పోల్చి చూడగా రహస్యము బయటపడెను. ఎండ హెచ్చుకొలది చెట్టు వంగుచు, మధ్యాహ్నము దాటి వేడిమి తగ్గుకొలది మెల్లగా లేచుచుండెను. గంటలు మ్రోగునప్పటికి ఇంకను వంగియే యుండుటచే మ్రొక్కుచున్నట్లు తోచెను. దళసరి బెరడుగల మ్రానిపై వెలుతురు ప్రభావము స్వల్పమనియు, వేడిమియే కారణమనియు బోసు నిశ్చయించెను. కొంతకాలమునకు చెట్టు చనిపోగా కదలికయు నిలిచెను. అది ప్రాణముగల చెట్టు చేసిన పనియే యని దానివలన ధ్రువపడెను.

చంద్రుని చూచి కలువ విచ్చునని లోకులందురు. కాని అమావాస్యనాడును కలువ విచ్చును. రాత్రి చల్లదనమునకు విచ్చి, పగటి వేడిమికి ముడుచుకొనునని ఆయన కనుగొనెను. పెరుగుదలను వేలరెట్లు పెద్దదిగా చూపు క్రెస్కోగ్రాఫ్ అను యంత్రమును నిర్మించి, చలిలో మొక్క పెరుగుదల మందగించుటను, తగిన వేడిమిలో హెచ్చుటను, మితిమీరిన వేడిమిలో మరల తగ్గుటను కన్నులకు కట్టినట్లు చూపెను.

1917లో కలకత్తాలో ఆయన స్థాపించిన పరిశోధనాలయము నేటికిని నిలిచియున్నది. 1937 నవంబరు 23న ఆయన గిరిడీలో కన్నుమూసెను. మాటలాడలేని చెట్టును ఓపికతో అడిగి, దాని సమాధానమును దానిచేతనే వ్రాయించిన మహనీయుడాయన.