శిల్పాచార్య రామప్ప

ఓరుగల్లు సీమయందు రామప్ప నామము నెఱుఁగనివారు లేరు. కాకతి గణపతిదేవ చక్రవర్తి సేనాని యగు రేచర్ల రుద్రుఁడు 1213వ సంవత్సరమున, నేటి ములుగు జిల్లాలోని పాలంపేటయందు రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెనని శాసనము తెల్పుచున్నది. ఆ యాలయ స్థపతి రామప్ప యనియు, నలువది యేండ్లా పనియందే కడపెననియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి.

ఆతఁడు చెక్కినది రాయి. అయినను నా పనితన మెల్ల మన కొయ్యపనికిఁ దోబుట్టువు. చూరుక్రింద నిలిచిన నల్లరాతి మదనికలు కొయ్యయిండ్ల దూలములకుఁ జెక్కు బొమ్మలను దలఁపించును. ద్వారమునఁ గల లతలు కఱ్ఱపై నడచిన యులిని జ్ఞప్తికిఁ దెచ్చును. శిఖరమునకు నీటఁ దేలునంతటి తేలిక యిటుకలు వాడి బరువు తగ్గించుట గొప్ప వివేకము.

శాసనము ప్రభువును గొనియాడినది. లోకము గుడిని శిల్పి పేరనే పిలిచినది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. మన వృత్తి కింతకన్న గౌరవ మేమి కలదు?

కాని మన యిండ్ల పంచలలోఁ దండ్రి యులి పట్టఁ, గొడుకు కొడతితోఁ గొట్టి చెక్కిన ద్వారబంధములపైఁ జేసినవాని పేరు కానరాదు. కొన్నవాఁడు వాకిట నిలిపి గర్వించును. చెక్కినవానికిఁ గూలియే మిగులును. వదాన్యులారా! గుమ్మము చెక్కించునపుడు దాని మూల నొకచోఁ జెక్కినవాని పేరును జెక్కింపుఁడని మేము మనవి చేయుచున్నాము. సోదరులారా! మీరును సంకోచింపక యడుగుఁడు. రామప్ప ఋణమును మన మిట్లు తీర్చుకొందము గాక!