క్వామే ఎన్‌క్రూమా: రాజ్యమును, విద్యాపీఠమును

పశ్చిమ ఆఫ్రికాలో ఆంగ్లేయులు గోల్డ్‌కోస్టు అని పిలిచిన దేశమున, ఎన్‌క్రోఫుల్ గ్రామమందు, 1909లో ఒక కంసాలి యింట క్వామే ఎన్‌క్రూమా జన్మించెను. కొంతకాలము బడిపంతులుగా నుండి, 1935లో అమెరికాకేగి, నీగ్రోలకై వెలసిన లింకన్ విశ్వవిద్యాలయమున, కూలిపనులు చేసికొనుచు పట్టములు పొందెను. 1947లో స్వదేశమునకు మరలెను. కారాగారమందుండియే 1951 ఎన్నికలలో జయించి, అచ్చటినుండి అధికారపీఠమునకు వచ్చెను. 1957 మార్చి 6వ తేదీని ఘానా స్వతంత్రమయ్యెను.

జెండా మారినంతమాత్రమున బుద్ధికి దాస్యము తీరదని ఆయన యెఱుఁగును. 1948లో వెలసిన కళాశాల లండను పట్టములకే విద్యార్థులను సిద్ధపఱచుచుండెను. అది 1961లో ఘానా విశ్వవిద్యాలయమై స్వంత పట్టముల నొసఁగఁజొచ్చెను. శాస్త్ర, యంత్రవిద్యలకు కుమాసీలో ఆ యేటనే వేఱొక విశ్వవిద్యాలయము, ఉపాధ్యాయుల తర్ఫీదునకు కేప్‌కోస్టులో 1962లో కళాశాల ఏర్పడెను. ఆఫ్రికా చరిత్రను, భాషలను, కళలను పరిశోధించు సంస్థను 1963లో ఆయనయే ప్రారంభించెను.

కాని తాను చెఱనెఱిఁగిన ఆ నాయకుఁడే విచారణలేని నిర్బంధమునకు 1958లో శాసనము చేయించెను. విశ్వవిద్యాలయమునకు తానే అధ్యక్షుఁడయ్యెను. 1964లో దేశమున నేకపక్ష పాలన నెలకొనెను. కొందఱు అధ్యాపకులు దేశమునుండి వెడలఁగొట్టఁబడిరి.

1966 ఫిబ్రవరి 24వ తేదీని, ఆయన విదేశములందుండఁగా, సైన్యము పదవీచ్యుతునిఁ జేసెను. 1972లో బుఖారెస్టునందు పరాయిగడ్డపై కన్నుమూసెను. ఆయన విగ్రహము కూలినది, విద్యాలయములు నిలిచినవి. విద్యాపీఠమును కట్టుట రాజ్యమునకు కర్తవ్యము. అచ్చట వెలువడు అప్రియవాక్యమును సహించుట అంతకంటె కష్టతరమైన కర్తవ్యము. మొదటిదానిని ఆయన నెఱవేర్చెను, రెండవదానియందు తప్పెను.